తాతమ్మ ప్రార్థన వెంట ఐదు రోజులు

మా తాతమ్మ, అంటే మా అమ్మమ్మను కన్నతల్లి, నరసాపురంలో తన ఇంట్లో, తన నవారు మంచం మీద, గత వేసవిలో తొంభై ఆరేళ్ళ వయసులో ప్రభువునందు నిద్రించింది. ఆ వయసు ఏ రిజిస్టరులోనూ రాసి లేదు. 1953 ఆగస్టులో గోదావరి పొంగిననాటికి తనకు పాతికేళ్ళని ఆమె చెప్పిన మాటను పట్టుకొని మేము కట్టుకున్న లెక్క అది. ఆమె జ్ఞాపకంలో సంవత్సరాలకు అంకెలుండేవి కావు, నీటి గుర్తులుండేవి. 1986 వరద చిన్న కూతురి పెళ్ళి జరిగిన ఏడు, 1996 నవంబరు తుఫాను మా ముత్తాత పోయిన ఏడు.

ఆమె తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ముఖం కడుక్కొని, కొంగు తల మీదికి లాక్కొని, ఈతచాప మీద మోకరించి, ఇంటివాళ్ళందరినీ పేరుపేరునా దేవుని ముందు పెట్టేది. సెలవులకు వెళ్ళిన రోజుల్లో ఆ సన్నని గొంతు వింటూ, నా పేరు వచ్చేవరకైనా మెలకువగా ఉండాలని పట్టుదలగా కళ్ళు తెరుచుకొని పడుకునేదాన్ని. ఆరుగురు పిల్లలు, వారి బిడ్డలు, ఆ బిడ్డల బిడ్డలు, అల్లుళ్ళు, కోడళ్ళు కలిసి అరవై మందికి పైగానే ఉంటారు. ఒక్క పేరు కూడా తప్పిపోయేది కాదు. పరీక్ష రాసేవారికి పరీక్ష, కాన్పు దగ్గరపడినవారికి కాన్పు, అప్పుల్లో ఉన్నవారికి అప్పు, ఎవరి అక్కర వారి పేరు పక్కనే ఉండేది. ఆమె పోయాక మా ఇంటిల్లిపాదికీ అన్నిటికంటే ముందు తట్టిన లోటు ఈ పేర్లే. డిసెంబరు మొదటి వారంలో, అందరూ క్రిస్మస్ పనుల్లో పడకముందే, అమ్మమ్మ నాతో, "అమ్మ చెప్పిన వరసలోనే ఒకసారి అందరి ఇళ్ళకూ వెళ్ళొద్దాం నాన్నా" అన్నది. ఆ వరస నాకూ నోటికి వచ్చు: ధవళేశ్వరం, మార్టేరు, పాలకొల్లు, ఇంటి దగ్గర, సఖినేటిపల్లి, రాజోలు, అమలాపురం, చివరన గోదావరి నీటి మధ్యనున్న లంక.

మొదటి రోజు, శుక్రవారం: ధవళేశ్వరం

హైదరాబాదులో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారే వేళకు కొవ్వూరు దాటాము. రైలు వంతెన మీదికి రాగానే పెట్టెలో నిద్రలేచినవారు కిటికీల దగ్గర చేరి గోదావరికి దండం పెట్టుకున్నారు, కొందరు నాణేలు విసిరారు. అమ్మమ్మ కొంగు తల మీదికి తీసుకొని కళ్ళు మూసుకున్నది. ఈ వంతెన మీద తాతమ్మ కూడా ఇలాగే కళ్ళు మూసుకునేదనీ, నదికి కాదు గానీ నదిని ఇచ్చినవానికి కృతజ్ఞత చెప్పకుండా దీన్ని దాటకూడదని పిల్లలకు చెప్పేదనీ అమ్మమ్మ తరువాత అన్నది.

ధవళేశ్వరంలో తాతమ్మ పుట్టింటివారు, అంటే ఆమె తమ్ముడి కొడుకులూ మనవలూ ఉంటారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్ళు మమ్మల్ని బ్యారేజీ మీదికి తీసుకువెళ్ళారు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడు ఆయన పేరిటే బ్యారేజీ ఉన్నది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని పాత ఆనకట్టకున్నట్టే దీనికీ నాలుగు భాగాలు. ఇక్కడినుంచే నది గౌతమిగా, వశిష్ఠగా చీలిపోతుంది, ఇక్కడినుంచే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలు బయలుదేరి పది లక్షల ఎకరాలకు పైగా తడుపుతాయి. వానలు వెళ్ళిపోయిన కాలం కాబట్టి గేట్ల కింద ఇసుక తిన్నెలు తేలి, నీరు మందంగా, ఆకుపచ్చగా ఉన్నది. 1986 ఆగస్టులో ఇదే చోట ముప్ఫై అయిదు లక్షల క్యూసెక్కుల నీరు దాటిందంటే, ఆ రోజు చూడనివారికి నమ్మశక్యం కాదు.

అక్కడ నిలబడి, ఎన్నో ఏళ్ళుగా నా మనసులో ఉన్న ఒక సందేహం అడిగాను. పిల్లలందరిలో పెద్దది అమ్మమ్మ. ఆమె పాలకొల్లులో ఉంటుంది. అలాంటప్పుడు తాతమ్మ ప్రార్థన తన కడుపున పుట్టినవారితో కాక ధవళేశ్వరంతో ఎందుకు మొదలయ్యేది? మార్టేరు తాతయ్య అమ్మమ్మకు తమ్ముడు గదా, ఆయన ఆమెకంటే ముందెందుకు వచ్చేవాడు?

"అది పుట్టిన వరస కాదు నాన్నా, నీటి వరస," అన్నది అమ్మమ్మ.

పెళ్ళయిన కొత్తలో తాతమ్మ పుట్టింటికి వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు ఆవలి ఒడ్డున విజ్జేశ్వరం వైపు దాటి, కాలువ పడవ ఎక్కేదట. గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకొని లాగుతుంటే పడవ రాత్రంతా నడిచేది. లాకుల దగ్గర నీటి మట్టం సమం అయ్యేవరకు ఆగేది. ఆగినప్పుడల్లా, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న తనవారిని తలుచుకొని ప్రార్థన చేసుకోవడం ఆమెకు అలవాటయింది. పిల్లలు పెరిగి ఒక్కొక్కరూ ఒక్కో ఊళ్ళో స్థిరపడినప్పుడు వారిని కూడా ఆ దారిలోనే, ఎగువనుంచి దిగువకు, కూర్చుకుంటూ పోయింది. నా పేరు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన అన్ని తెల్లవారుజాములూ నేను చీకట్లో ఒక పడవ ప్రయాణం వింటున్నానన్నమాట.

మరి లంక చివరన ఎందుకు వచ్చేదని అడిగాను. నీటి వరసలో చూస్తే వశిష్ఠలోని లంకలు నరసాపురానికి ఎగువన ఉంటాయి. "అక్కడికి వెళ్ళినప్పుడు చెబుతాను," అని అమ్మమ్మ బ్యారేజీ గోడ పట్టుకొని నెమ్మదిగా నడక సాగించింది.

రెండవ రోజు, శనివారం: మార్టేరు, పాలకొల్లు

నిడదవోలు, తణుకు మీదుగా కారులో వెళ్ళాము. సార్వా, అంటే వానాకాలపు వరి కోతలు చివరికి వచ్చాయి. రోడ్డు పొడుగునా ధాన్యం ఆరబోసి ఉన్నది, మిగిలిన చేలలో పనలు పడి ఉన్నాయి, ఒక్కొక్క ఇంటి ముందు అప్పుడే కాగితపు నక్షత్రాలు వేలాడుతున్నాయి.

మార్టేరు తాతయ్య నీటిపారుదల శాఖలో లస్కరుగా, అంటే కాలువలు చూసుకునే మనిషిగా పనిచేసి రిటైరయ్యాడు. ఎకరంన్నర పొలం ఉన్నది. ఆ ఊరి వరి పరిశోధనా కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ, అంటే ఎం.టి.యు. 7029 రకాన్ని ఆయన ఏళ్ళ తరబడి వేశాడు. కొత్త బియ్యం రాగానే మొదటి బస్తా నరసాపురం వెళ్ళేది. ఆ బస్తాలోనుంచి తాతమ్మ చేసే పని గురించి నేను ఇక్కడ కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఆమె భక్తి ఎలాంటిదో నాకు మాటల్లోకంటే ఆ పనిలోనే ఎక్కువగా తెలిసింది.

పొయ్యి పక్కన గూట్లో ఒక డాల్డా డబ్బా ఉండేది. పసుపు రంగు పెచ్చులూడి, కొబ్బరిచెట్టు బొమ్మలో సగమే మిగిలి ఉండేది. ఎసరు మరుగుతుండగా బియ్యం కొలిచి కడిగేముందు, అందులోనుంచి పిడికెడు తీసి, పిడికిలిని గుండె దగ్గరగా ఒక క్షణం ఆపి, ఆ డబ్బాలో వేసేది. మా ప్రాంతపు సంఘాల్లో ఆడవాళ్ళు ఇచ్చే పిడికెడు బియ్యం కానుక ఇదే. నెలాఖరున అందరి డబ్బాలూ సంఘానికి చేరి, అవి పేదలకో సువార్త పనికో వెళ్ళేవి. చేతిలో డబ్బు లేని ఆడవాళ్ళు కూడా తమ సొంతంగా ఇవ్వగలిగిన కానుక అది. ఇంట్లో బియ్యం నిండుకొని నూకలు వండుకున్న రోజుల్లో ఆమె నూకలే పిడికెడు తీసిందని మార్టేరు తాతయ్య చెప్పాడు. "మా అందరికీ ఆకలి తీరలేదు గానీ డబ్బా మాత్రం నిండింది," అని చిన్నప్పుడు తాను కోపంతో దాన్ని తన్నాననీ, బియ్యం నేలపాలయ్యాయనీ, తల్లి ఒక్క మాటా అనకుండా గింజ గింజా ఏరి మళ్ళీ డబ్బాలో పోసి, ఆ రాత్రి ఆమె వంతు అన్నం కూడా తనకే పెట్టిందనీ చెబుతూ, డెబ్భై ఏళ్ళ మనిషి మా ముందు కళ్ళు తుడుచుకున్నాడు.

నాకైతే ఆ పిల్లవాడి కోపం తప్పనిపించలేదు. పస్తులున్న ఇంటినుంచి కానుక వెళ్ళడం న్యాయమేనా అని నేను ఇప్పటికీ ఆలోచిస్తాను. కానీ ఆ డబ్బా ఇంట్లో వారిని ఎన్నడూ చిన్నబుచ్చలేదని, తాము ఒకరికి ఇవ్వగలవాళ్ళమన్న ధైర్యాన్ని ఇచ్చిందని చెప్పింది ఆ పిల్లవాడే.

సాయంత్రానికి పాలకొల్లు చేరాము. అమ్మమ్మ సొంత ఇల్లే కాబట్టి చెప్పుకోవలసిన విశేషమేమీ లేదు. ఒక్క సంగతి మాత్రం ఉన్నది. తాతమ్మ ప్రార్థనలో హైదరాబాదు అనే ఊరు లేదు. మేము అక్కడికి వెళ్ళి ముప్ఫై ఏళ్ళయినా మమ్మల్ని పాలకొల్లులోనే లెక్కపెట్టేది. రాజోలు మనవడి భార్య కువైట్‌లో పనిచేసిన ఆరేళ్ళూ ఆమె పేరు రాజోలులోనే వచ్చింది.

మూడవ రోజు, ఆదివారం: నరసాపురం

"ఇంటి దగ్గర" అంటే ఇదే. ఉదయం సంఘ ఆరాధనకు వెళ్ళాము.

నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో సహోదర (బ్రదరెన్) సంఘాల చరిత్ర పాతది. 1836లో ఆంగ్ల మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్‌తో కలిసి ఓడ ఎక్కిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు ఈ తీరానికి వచ్చి ఇక్కడ పని మొదలుపెట్టారు. దానినే తరువాత గోదావరి డెల్టా మిషన్ అన్నారు. ఈ సంఘాల్లో జీతానికి ఉండే పాదిరి ఉండడు. పెద్దలుంటారు, ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. మగవారు ఒక వైపు, ఆడవారు తల మీద కొంగుతో ఒక వైపు కూర్చుంటారు. ఒక సహోదరుడు లేచి కీర్తన సంఖ్య చెబితే అందరూ అందుకుంటారు. ఆ రోజు పాడినవాటిలో పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తన ఒకటి ఉన్నది. 1803లో పుట్టి 1890లో మరణించిన ఆ కవి కీర్తనలు శాఖాభేదం లేకుండా తెలుగు క్రైస్తవులందరి నోళ్ళలోనూ నిలిచాయి. తాతమ్మ బడికి వెళ్ళలేదు. కంఠతా వచ్చిన కీర్తనలను పుస్తకంలో వేలు పెట్టి వెతుక్కుంటూ, ఏ మాట ఎక్కడుందో పోల్చుకుంటూ, ముప్ఫై ఏళ్ళు దాటాక తనంతట తాను చదవడం నేర్చుకున్నది. అందుకే ఆమె బైబిలు చదివినా కొంచెం రాగం తీసినట్టే ఉండేది.

రొట్టె పళ్ళెం ఆడవారి వైపు వచ్చినప్పుడు, గోడవారగా ఆమె కూర్చునే చోటును ఎవరూ ఆక్రమించలేదని గమనించాను. ఎవరో కావాలని వదిలారో, అలవాటుకొద్దీ అలా జరిగిందో అడగాలనిపించలేదు.

మధ్యాహ్నం చిన్న తాతయ్య ఆమె ట్రంకుపెట్టె తెరిచాడు. నాలుగు చీరలు, పెద్దక్షరాల బైబిలు, కళ్ళజోడు, ఒక గుడ్డ సంచిలో లేసు సూది, సగంలో ఆగిపోయిన అల్లిక ఉన్నాయి. దొరసానులు పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి ఆడవాళ్ళకు నేర్పిన ఈ పని నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకి, ఇటీవల భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. పువ్వులు అల్లేవారు వేరు, ఆ పువ్వులను ఒకదానికొకటి కలిపే అతుకుపని చేసేవారు వేరు. షావుకారు దారం ఇచ్చి, అల్లిక తూకం వేసుకొని కూలి ఇచ్చేవాడు. తాతమ్మది అతుకుపని. సూది చివర కొక్కెం అరిగిపోయి దాదాపు సూటిగా అయిపోయింది. పిడి దగ్గర బొటనవేలు ఆనే చోట లోహం సన్నగా పల్లం పడి ఉన్నది. నా వేలు అందులో పెట్టి చూశాను, నా వేలికి ఆ పల్లం చిన్నదయింది. ఆ కూలి డబ్బులతోనే ఆమె ముగ్గురు ఆడపిల్లలనూ ఎనిమిదో తరగతి దాకా చదివించింది. చేసిన పనికి వచ్చిన కూలి ఎప్పుడూ తక్కువేనని, విదేశాల్లో బల్లల మీద పరుచుకునే ఆ గుడ్డలకు అక్కడ ఏ ధర పలికేదో అల్లినవారికి ఎవరూ చెప్పలేదని అమ్మమ్మ బాధపడింది. ఆ బాధ సబబైనది.

ఆమె చాలా విషయాల్లో కఠినంగా ఉండేదన్నది కూడా ఇక్కడ చెప్పాలి. సినిమాలకు పంపేది కాదు, ఆదివారం సంతకు వెళ్ళనిచ్చేది కాదు, అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా క్రిస్మస్ భోజనానికి కూర్చుంటే వడ్డించేది కాదు. ఒక ఏడాది పొలం గట్టు తగాదాలో మార్టేరు, రాజోలు తాతయ్యలు ఇద్దరూ పట్టుదలకు పోతే, విస్తళ్ళు వేసి, పక్కన గిన్నెలు పెట్టుకొని, మధ్యాహ్నం మూడింటివరకు అలాగే కూర్చున్నదట. పిల్లల ఆకలి ఏడుపులు విని పెద్దవాడు లేచి తమ్ముడి చేయి పట్టుకొని తెచ్చాకే గరిట తీసింది.

నాలుగవ రోజు, సోమవారం: సఖినేటిపల్లి, రాజోలు, అమలాపురం

నరసాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటాము. కార్లు, మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, బడిపిల్లలు, అంతర్వేది వెళ్ళే భక్తులు అందరూ ఒకే పంటు మీద. తాతమ్మ ఈ రేవును లెక్కలేనన్నిసార్లు దాటింది. సఖినేటిపల్లి కూతురి కాన్పులన్నీ ఆమె చేతుల మీదుగానే జరిగాయి.

సఖినేటిపల్లిలో పలహారం, రాజోలులో భోజనం చేసి, బోడసకుర్రు దగ్గర గోదావరి పాయ వైనతేయ మీది వంతెన దాటి సాయంత్రానికి అమలాపురం చేరాము. ప్రతి ఇంట్లోనూ అమ్మమ్మ ఒక నోటుపుస్తకం తీసి, ఆ ఇంటివారి పేర్లు, కొత్తగా పుట్టినవారి పేర్లు, ఎవరికి ఏమి కావాలో రాసుకున్నది. తల్లికి అక్కర్లేకపోయిన పుస్తకం తనకు కావలసి వచ్చిందని నొచ్చుకున్నది.

అమలాపురం చిన్నమ్మమ్మ ఇంటి వెనుక కొబ్బరితోటలో చెట్లన్నీ ఇంచుమించు ఒకే వయసువి. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమను ఊడ్చేసినప్పుడు పాత తోట మొత్తం పోయింది. అప్పటికి భర్తను పోగొట్టుకొని రెండు నెలలైనా కాని తాతమ్మ, దారులు తెరుచుకోగానే బియ్యం, కిరోసిను, పాత చీరలు మూట గట్టుకొని, చెట్లు అడ్డం పడిన చోటల్లా దిగి నడుస్తూ ఇక్కడికి వచ్చిందట. వచ్చి కూతురిని ఓదార్చలేదట. పొయ్యి వెలిగించి, ఇంటివారికీ, గోడలు కూలిపోయిన పక్కింటివారికీ గంజి కాచి, అందరూ తాగాక, "ఇప్పుడు ఏడుద్దాం రా," అని కూతురిని దగ్గరకు తీసుకున్నదట.

ఐదవ రోజు, మంగళవారం: లంక

దిండి, చించినాడ మధ్య వంతెన మీదుగా మళ్ళీ పశ్చిమ ఒడ్డుకు వచ్చి, ఒక రేవులో నాటుపడవ మాట్లాడుకున్నాము. అమ్మమ్మ అప్పుడు చెప్పింది.

పెళ్ళయ్యాక తాతమ్మ కాపురం పెట్టింది ఈ లంకలోనే. ముత్తాత ఇక్కడ పొగాకు, కూరగాయలు పండించే భూమిని కౌలుకు చేశాడు. వారి మొదటి బిడ్డ మగపిల్లవాడు. ఏడాదిన్నర వయసులో జ్వరం తగిలి, వరద నీటి వల్ల రేవు కట్టేయడంతో ఆసుపత్రికి దాటించే వీలులేక చనిపోయాడు. లంక అంచున రావిచెట్టు కింద పెట్టారు. తరువాత అమ్మమ్మ పుట్టింది. 1953 వరదలో పాక కొట్టుకుపోయినప్పుడు రెండేళ్ళ అమ్మమ్మను భుజం మీద పెట్టుకొని వారు ఒడ్డుకు చేరారు, ఆ తరువాత నరసాపురం వెళ్ళిపోయారు. "లంకలో ఉన్న మావాడు" అని తాతమ్మ అన్నప్పుడల్లా నేను లంకలో మిగిలిపోయిన బంధువులెవరో అనుకున్నాను. ఆమెకు పిల్లలు ఏడుగురు.

"మన సంఘంలో చనిపోయినవారి కోసం ప్రార్థన చేయం కదా అమ్మమ్మా?" అన్నాను.

"వాడి కోసం ఏమీ అడిగేది కాదు. అందరి కోసం అడగవలసినవి అయిపోయాక, వాడి దగ్గర కాసేపు కూర్చుని, స్తోత్రం చెప్పి లేచేది. అందుకే చివరన."

లంకలో మూడు వైపులా గట్టు నిలువునా కోసుకుపోయి ఉన్నది. కొబ్బరిచెట్ల వేళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. మా వెంట వచ్చిన ఊరి పెద్దాయన రావిచెట్టు గురించి అడగగానే, ఒడ్డునుంచి చాలా దూరంలో, నీటి మధ్య వెదురు పాతి వల కట్టిన చోటును చూపించి, "అదిగోనమ్మా, అంతవరకు నేలే ఉండేది. చెట్టు పోయి ఇరవై ఏళ్ళు దాటింది," అన్నాడు. తాతమ్మకు ఈ సంగతి తెలుసునా అని అమ్మమ్మను అడిగాను. తెలుసునని, తానే తీసుకువచ్చి చూపించిందని, అప్పుడు కూడా తాతమ్మ ఆ వల వైపే చూస్తూ కూర్చున్నదని చెప్పింది.

తిరుగు ప్రయాణంలో పడవ నడిరేవుకు రాగానే అమ్మమ్మ కొంగు తల మీదికి తీసుకున్నది. నోటుపుస్తకం ఒళ్ళో మూసే ఉన్నది. ధవళేశ్వరంతో మొదలుపెట్టింది. మార్టేరులో ఒక పేరు దగ్గర తడబడి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ చెప్పింది. పాలకొల్లులో నా పేరు వచ్చింది. ఆమె అమలాపురం చేరకముందే పడవ ఒడ్డు తగిలింది. పడవవాడు మమ్మల్ని దిగమనలేదు. గెడ బురదలో గుచ్చి, పడవను గట్టుకు ఆనించి, ఆమె లంక దగ్గర ఆగి, చాలాసేపు ఊరుకొని, స్తోత్రం అనేవరకు అలాగే పట్టుకొని నిలబడ్డాడు.